ఆఖరున రాసిన జవాబు

గద్వాలలో మా బట్టల దుకాణానికి వచ్చిన మనిషికి మంచి చీరను మొదటే చూపించడం మా నాయిన దృష్టిలో నేరం. ముందు ఒక మామూలు చీర విప్పాలి. ఆమె మూతి తిప్పాలి. రెండోది కొంచెం మెరుగ్గా ఉండాలి, కానీ రంగు ఆమెకు నప్పనిదై ఉండాలి. మూడోది, నాలుగోది విప్పేసరికి పరుపు మీది తెల్ల దుప్పటి కనిపించకుండా పోవాలి. అప్పుడామె "ఇంకేం లేవా?" అని అడుగుతుంది. మనం కాస్త ఆలోచించినట్టు ముఖం పెట్టి, వెనక బీరువా వైపు చూసి, "ఒకటున్నది గని, వేరేటోళ్లకు తీసిపెట్టిన" అనాలి. ఆ తర్వాత తీసే చీర ఎట్లా ఉన్నా సగం అమ్ముడుపోయినట్టే. నిజంగా బాగుంటే ఇక చెప్పేదేముంది.

చిన్నప్పటి నుంచి ఈ వరుస చూస్తూ పెరిగాను. డిగ్రీ అయిపోయాక పన్నెండేళ్లుగా నేనే చూపిస్తున్నాను. అది ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంటికి వచ్చిన చుట్టాలకు వడ్డించేటప్పుడు కూడా మంచి కూరను చివర తెస్తాను. అప్పటికి వాళ్ల కడుపు నిండిపోయి ఉంటుంది. మా అమ్మ దీనికోసం నన్ను తిట్టని పండగ లేదు.

ఈ వరుసే నన్ను ఎమ్మే ఇంగ్లిష్‌లో ఒక పేపరు తప్పేలా చేసింది.

దూరవిద్యలో చేరినప్పుడు, ఇన్ని సబ్జెక్టులుండగా ఇంగ్లిష్ ఎందుకని అందరూ అడిగారు. సాహిత్యం మీద ప్రేమ అని చెప్పేదాన్ని. అసలు సంగతి ఏమిటంటే, వనపర్తిలో ఒకమ్మాయి చదువు మానేసి మొత్తం పుస్తకాల కట్టను సగం ధరకు అమ్మింది. నేను దాన్ని ఇంకా దించి తెచ్చుకున్నాను. అన్నిటికంటే లావుపాటి పుస్తకంలో మొదటి పది పేజీలకే పెన్సిల్ గీతలున్నాయి. ఆ అమ్మాయి పదో పేజీ దగ్గర ఆగిపోయిందని తెలివిగల మనిషికి అర్థం కావాలి. నాకు మాత్రం మిగతా పేజీలన్నీ కొత్తవే కదా, లాభమే కదా అని తోచింది.

ఆ లావు పుస్తకమే నేను తప్పిన పేపరు. మధ్యయుగం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా బ్రిటిష్ సాహిత్యం. బేరాలు లేని మధ్యాహ్నాలు గద్దె మీదే కూర్చుని చదివాను. పది ప్రశ్నలిస్తారు, మూడు గంటల్లో ఏవైనా ఐదు రాయాలి. నాకు బాగా వచ్చింది ఒక్కటే: పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ కాఫీ దుకాణాల చుట్టూ పుట్టిన పత్రికలు, వాటిలో వచ్చిన వ్యాసాలు. ఒక కప్పు ముందర పెట్టుకుని ఊరందరి మంచి చెడ్డలు మాట్లాడుకోవడం గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ జవాబును భద్రంగా చివరికి దాచాను. ముందు నాలుగు నీరసమైన జవాబులు ఒకదాని వెనక ఒకటి విప్పాను. ఐదోది మొదలుపెట్టి అరపేజీ రాసేసరికి గంట కొట్టారు.

మిగతా పేపర్లన్నీ పాసయ్యాను. ఇది పోయింది. ఎందుకు పోయిందో నాకు నిజంగా తెలియలేదు. దిద్దినవాడిది తప్పనుకున్నాను.

ఆ చలికాలంలో వనపర్తి నుంచి ఒకావిడ మా దుకాణానికి వచ్చింది. మొదటి చీరనే వెనక్కి తిప్పి, నూలు ఒంటికి పట్టు అంచు కలిసిన చోట వేలితో తడిమి, "ఇది చేతిమగ్గందేనా?" అంది. చూడగానే తెలిసింది, ఈవిడ నాకు సమఉజ్జీ అని. అరగంట బేరమాడాం. నేను ఒక మెట్టు దిగితే ఆమె అరమెట్టు ఎక్కింది. మధ్యలో ఉన్నట్టుండి అడిగింది:

"ఏం సదివినవమ్మా?"

"ఎమ్మే ఇంగ్లిష్ మేడం."

"అయిపోయిందా?"

"అయినట్టే మేడం. ఒక్క పేపరున్నది."

"అయినట్టే అంటే కాలేదని. ఏ పేపరు?"

"పాత సాహిత్యం."

ఆమె చీర కింద పెట్టి నవ్వింది. తాను వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ప్రిన్సిపాల్‌నని అప్పుడు చెప్పింది. "మా దగ్గర ఖాళీ ఉన్నది గా పేపరుకే. కొత్త నవలలు చెప్తమని మస్తుమంది వస్తున్రు. గా పాతది అనంగనే ఒక్కరు నిలవడ్తలేరు. జూన్‌ల క్లాసులు మొదలైతయ్. పాసైన మెమో పట్టుకొనిరా, క్లాసులు నీకే. లేకపోతే నేను వేరేటోళ్లను చూస్కోవాలె, ఏమనుకోకు."

నేను చీరను మళ్లీ ఆమె ముందుకు జరిపాను.

"సరే, ఇప్పుడు చీరకు ఆఖరి మాట చెప్పు," అంది.

ఆ రోజు నేను చెప్పిన ఆఖరి మాట మా నాయినకు చాలా రోజులు మింగుడుపడలేదు. అంత తక్కువ.

మా దుకాణం బోర్డు మీద నాయిన పేరు, దాని పక్కన 'అండ్ సన్' అని ఉంటుంది. ఆ సన్ మా తమ్ముడు. పెబ్బేరులో సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు; ఎప్పుడు తిరిగొస్తే అప్పుడు ఈ గద్దె వాడిది. దాని గురించి మా ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు, నాకు కూడా. ముప్పై నాలుగేళ్లకు నేను ఒకరి గద్దె మీద చాలా బాగా కూర్చుంటున్నానని మాత్రం అర్థమైంది. పైగా ఆ ఏటితో పాత సిలబస్ ముగుస్తోంది. ఈసారి తప్పితే ఎమ్మే మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవాలి, ఆ కాలేజీలో క్లాసులూ ఉండవు.

మాకు చీరలు నేసి తెచ్చే ఆమె కొడుక్కి వనపర్తిలో ఇంగ్లిష్ చెప్పిన సార్ ఒకాయన ఉన్నాడు, రిటైరయ్యాడు. ఆమె అడ్రసు చెబితే ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను. ఫీజెంత సార్ అంటే "ఏం వద్దు" అన్నాడు. ఉత్తగా ఇచ్చే సరుకులో ఎక్కడో చిరుగు ఉంటుందని ఊహ తెలిసినప్పటి నుంచి నమ్మినదాన్ని. తిరిగి పోదామా అనుకుంటుండగానే ఆయన నా చేతిలో తెల్లకాగితాలు పెట్టాడు.

"పోయినసారి పరీక్షల ఏమేం రాసినవో, గదే వరుసల మళ్ల రాయి. మూడు గంటలు. నేను అన్నం తిని జర పంటా."

వసారాలో కూర్చుని రాశాను. ఆయన లేచి, చాయ్ తాగుతూ చదివాడు. ఐదో జవాబు దగ్గర ఆగాడు.

"గిది ఎవలు రాసిన్రు?"

"నేనే సార్."

"మరి మొదటిది?"

"అది గూడ నేనే."

"మొదటిది సదువుతుంటే నిన్ను ఫెయిల్ జేసినాయన చేతులకు దండం పెట్టాలనిపిచ్చింది. గీ ఐదోది ఇప్పుడిప్పుడే మంచిగ షురువైతుంది, అంతల్నే ఆపేసినవ్. ఎందుకట్ల?"

"టైం అయిపోయింది సార్."

"టైం గురించి అడుగుతలేను. గిది నీకు గింత మంచిగ వస్తే ముందుగాల ఎందుకు రాయలే?"

ఈయనకు ఇంత చిన్న విషయం తెలియదా అని జాలిపడి, చీరల వరుస మొత్తం విడమరచి చెప్పాను. మామూలుది మొదట, మంచిది ఆఖరున, మధ్యలో కొనేవాళ్ల విసుగు. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు.

"అంటే పేపరు దిద్దేటాయనకు నువ్వు చీరలు చూపిచ్చినవన్నట్టు!"

ఆయన నవ్వుతుంటే నాకు చెవులు వేడెక్కాయి. ఒక ఏడాది నా జీవితం ఎక్కడ పోయిందో అప్పుడు కనిపించింది. సిగ్గును కప్పుకోవడానికి నాకు తెలిసిన పని ఒక్కటే, బేరానికి దిగడం.

"సార్, ఒక్క మాట. మధ్యయుగం పక్కన పెడదాం. మిగతాదాంట్ల ఏది అడిగినా తప్పు లేకుండ చెప్తా."

"వద్దు."

"పోనీ, మధ్యయుగంల నాటకాలొక్కటి చదువుత. పద్యాలు వదిలేద్దాం."

"వద్దు."

"సగం పద్యాలు..."

"బిడ్డా, నువ్వు ఎంతసేపు అడిగినా నేను దిగ. దిగనీకె నా దగ్గర రేటే లేదు. మొదటి పేజీ తియ్యి."

ఆ మొదటి పేజీ నుంచి ఆదివారాలు మొదలయ్యాయి. గద్వాల నుంచి వనపర్తి దాకా బస్సులో వెళ్లేటప్పుడు చదవడం, వచ్చేటప్పుడు మరిచిపోవడం. అన్నిటికంటే పాత ఇంగ్లిష్ పద్యాలకు చివర ప్రాస లేదు. పాదంలో మాటల మొదటి శబ్దాలు ఒకదాన్నొకటి పిలుస్తుంటాయి. "మనకు యతి లేదా? గసొంటిదే అనుకో," అన్నాడు సార్. నాకు యతి కూడా సరిగ్గా రాదని ఆయనకు చెప్పలేదు. ఇంటికి వెళ్లి అమ్మను అడిగితే, చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న రెండు పద్యాలు గడగడా చదివి, శబ్దం ఎక్కడ కలుస్తుందో చేత్తో తొడ మీద తట్టి చూపించింది. పన్నెండేళ్లుగా పక్కనే కూర్చుని చీరలు మడతపెడుతున్న మనిషికి ఇది తెలుసని నాకు తెలియదు.

కొన్ని చోట్ల నేను సార్ కంటే ముందుండేదాన్ని. పదిహేడో శతాబ్దంలో ప్రేయసిని ఒప్పించడానికి వకీళ్లలా వాదించే కవులున్నారు. యవ్వనం పోతుంది, కాలం ఆగదు, ఇప్పుడు కాదంటే ఇంకెప్పుడు అంటారు. "దీనిలో కవి ఉద్దేశమేంది?" అని సార్ అడిగాడు. "సరుకు అయిపోతుంది, తొందరగ తీసుకోండ్రి అంటున్నడు సార్," అన్నాను. ఆయన పెన్ను నా చేతిలో పెట్టి, "గిదే మాట పద్ధతిగ రాయి," అన్నాడు. ఆ కాలపు పుస్తకాల ముందుపేజీల్లో దొరలను ఆకాశానికెత్తే అంకితాలు కూడా నాకు సులువుగానే అర్థమయ్యాయి. పొగిడి పొగిడి కొంగు ముడి విప్పించడం మా వీధిలో రోజూ జరిగే పని.

అయితే నేను ఎంత తెలివిగా మాట్లాడినా, అదంతా దూరం నుంచి చూసి వేళాకోళమాడటమే. లోపలికి పోయింది ఒక్కచోట. నేను వదిలేద్దామని బేరమాడిన మధ్యయుగంలోనే.

ఆ కాలపు కొన్ని ఇంగ్లిష్ పట్టణాల్లో ఏడాదికోసారి బైబిలు కథలను నాటకాలుగా వేసేవాళ్లు. వేసింది నటులు కాదు, చేతిపనుల వాళ్లు, వర్తకులు. ఒక్కో వృత్తి సంఘానికి ఒక్కో ఘట్టం. చక్రాల బండి మీద వేదిక కట్టుకుని, వీధి వీధికీ ఆపుకుంటూ, తెల్లవారి మొదలుపెడితే పొద్దుపోయేదాకా ఆడేవాళ్లు. ఒక ఊళ్లో జలప్రళయం నాటి ఓడను కట్టే ఘట్టం ఓడలు చేసే వడ్రంగులది. క్రీస్తు ఆఖరి భోజనం రొట్టెలు కాల్చేవాళ్లది. పసికందుగా ఉన్న ఆయనకు బంగారం తెచ్చిన రాజుల ఘట్టం కంసాలులది. ఇది చదివి నేను బస్సులో పైకే నవ్వాను. ఎంత ఖర్చు లేని ప్రచారం! ఊరంతా గుమిగూడిన రోజున, దేవుడి పేరు మీద, సొంత సరుకు నెత్తిన పెట్టుకుని తిరగడం. ఐదారు వందల ఏళ్ల కిందటి ఆ మనుషులు నాకు మేనమామల్లా అనిపించారు.

తర్వాతి పేరా దగ్గర నవ్వు ఆగింది. క్రీస్తును శిలువకు కొట్టే ఘట్టం మేకులు చేసేవాళ్లదట.

ఆ వారమంతా ఆ ఒక్క వాక్యం నన్ను వదల్లేదు. చీర మడతపెడుతున్నా అదే. ఏడాది పొడుగునా ఆ మేకులు చేసే మనిషి వాటిని అమ్ముకుంటాడు. తలుపులకు, బండ్లకు, పెట్టెలకు. మంచి మేకు, వంగని మేకు అని చెప్పుకుంటాడు. ఆ ఒక్కరోజు మాత్రం బండెక్కి, ఇరుగుపొరుగు అందరూ చూస్తుండగా, తన మేకు ఏం చేయగలదో చూపించాలి. అమ్మేటప్పుడు చెప్పనిది ఆ రోజు చూపించాలి. దాన్ని ఆ సంఘానికి ఎవరు అంటగట్టారో, వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారో పుస్తకంలో లేదు. కంసాలి అయితే ఎగిరి గంతేసి ఒప్పుకుని ఉంటాడు. మేకుల మనిషి ఇంటికి వెళ్లి పెళ్లానికి ఏమని చెప్పి ఉంటాడు?

ఒక సాయంత్రం దుకాణంలో ఎవరూ లేనప్పుడు నాయినకు ఇదంతా చెప్పాను. ఆయన మేకుల దగ్గర ఆగలేదు. నేరుగా అసలు విషయానికి వచ్చాడు.

"మరి బట్టలోళ్లు ఏమేసిన్రు?"

"ఆ ఊళ్లె పెద్ద బట్టల వర్తకులకు ఆఖరి ఘట్టమిచ్చిన్రు నాయినా. లోకం అంతమైనంక దేవుడు తీర్పు చెప్పేది. మంచోళ్లు ఒక దిక్కు, చెడ్డోళ్లు ఒక దిక్కు."

నాయిన మీటరు కర్రను ఒడిలో అటూ ఇటూ దొర్లించాడు. "తీర్పు మనోళ్లకిచ్చిన్రా?" అన్నాడు. నన్ను చూడకుండానే, "ఎంత ధైర్యం గా ఊరోళ్లకు," అన్నాడు.

పేపరు ఎందుకు తప్పానో కూడా ఆ రోజే చెప్పాను. అప్పటిదాకా దాచాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే నేను నేర్పింది తప్పంటున్నడా మీ సార్?"

"తప్పనలే. నవ్విండు."

"నవ్వనీ. గద్దె మీద కూసున్న మనిషికి చాయ్ ఇస్తం, ఫ్యాన్ దిక్కు జరగమంటం. ఆమెకు చీర కావాలె, పెండ్లి ఉంటది, లేచి పోదు. గందుకే ఆఖరుదాక ఆపుతం. గా పేపరు దిద్దేటాయనకు ఏం గావాలె? ఆయనకు చీర వద్దు, పెండ్లి లేదు. ముందర ఇంకో వంద కట్టలుంటయ్. నువ్వు చాయ్ ఇచ్చినవా?"

"లేదు."

"మరి ఎందుకు ఆగుతడు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను నేర్పింది దుకాణంల పనికొస్తది బిడ్డా. అంతటా పనికొస్తదని నేనెన్నడన్న అన్ననా?" అన్నాడు.

అనలేదు. నేనే అనుకున్నాను. నాకు తెలిసింది ఒక్క లోకం. అన్ని లోకాల్లోనూ ఒకటే పరుపు, ఒకటే దుప్పటి ఉంటాయనుకున్నాను.

మరుసటి రోజు నుంచి నాయిన ఒక పని మొదలుపెట్టాడు. కొనేవాళ్లు అడగకముందే చీరను వెనక్కి తిప్పి, అంచు కలిపిన చోట చూపించసాగాడు. కలయిక బాగాలేని చీరలు రెండు మూడు బీరువా పై అరకు చేరాయి.

పరీక్ష కేంద్రం నాగర్‌కర్నూల్‌లో పడింది. మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. ఏప్రిల్ ఎండ. బస్సు దిగి, ఆటో ఎక్కి, అలవాటు ప్రకారం కిరాయి తగ్గించమని అడిగి, ఆటో ఆయన "పరీక్షకు పోతున్నవా అక్కా? తగ్గియ్య గని తొందరగ తీస్కపోత," అంటే నోరు మూసుకున్నాను.

ప్రశ్నపత్రంలో మూడో ప్రశ్న దగ్గర కళ్లు ఆగాయి. మధ్యయుగ నాటకం, దాన్ని నడిపిన వృత్తి సంఘాలు. కావలసింది దొరికినప్పుడు కొనేవాళ్లు ముఖంలో కనబడనీయకుండా ఎట్లా ఉంటారో నాకు బాగా తెలుసు. ఆ గదిలో చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా నేను అట్లాగే కూర్చున్నాను. అంతలో నా చెయ్యి తనంతట తానే మార్జిన్‌లో తొమ్మిది అని వేసింది. తొమ్మిదో ప్రశ్న పద్దెనిమిదో శతాబ్దపు వ్యంగ్య కవిత్వం మీద. నాకు అంతంతమాత్రంగా వచ్చేది. పన్నెండేళ్ల అలవాటున్న చెయ్యి అది, మామూలు చీరనే మొదట తీసింది. ఆ అంకెను కొట్టేసి మూడు అని వేయడానికి నాకు పట్టిన సమయం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది.

మొదలుపెట్టాక ఆగలేదు. గైడ్లలో ఆ నాటకాలను భక్తి, మోటు హాస్యం అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నేను బండ్ల గురించి రాశాను. కంసాలుల సంబరం గురించి రాశాను. మేకుల సంఘం గురించి రాసేటప్పుడు, తన సరుకు చేయగల చెడును ఒక వృత్తి ఊరంతటి ముందు ఒప్పుకోవడం ఆ నాటకాల్లో నాకు కనిపించిన గొప్పతనమని రాశాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. మార్కులొస్తాయో లేదో తెలియని మాటను పరీక్షలో రాయడం నా పెంపకానికి పూర్తిగా విరుద్ధం.

తలెత్తి చూస్తే గంటా పావు అయిపోయింది. ఒక్క జవాబుకు.

అప్పుడు నిజంగా భయపడ్డాను. పోయినసారి మంచి జవాబును చివర పెట్టి మునిగాను, ఈసారి ముందు పెట్టి మునిగేట్టున్నాను. మిగిలిన నాలుగింటినీ గంటా ముప్పావులో లాగాలి. రెండు జవాబులు ఉన్నంతలో బాగానే రాశాను. నాలుగోది తొమ్మిదో ప్రశ్నే. దాన్ని గబగబా ముగించాను. కాపలా ఉన్న మేడం నా బల్ల పక్కన ఆగి, "పది నిమిషాలే ఉన్నయమ్మా, దారం కట్టుకో," అన్నప్పుడు ఐదోది రెండో పేరాలో ఉంది. ఒక పేజీ నిండింది, అంతే. దారం ముడి వేసి ఇచ్చేశాను. బయట చెరుకురసం బండి దగ్గర నిలబడి సార్‌కు ఫోన్ చేశాను.

"ఏది ముందు రాసినవ్?"

"నాటకాలు సార్."

"మిగిలినయ్?"

"మిగిలినయ్... అడగకండి సార్."

"సరే, ఎండల నిలవడకు, బస్సెక్కు," అన్నాడు.

ఫలితాలు మే చివర్లో, పెళ్లిళ్ల రద్దీలో వచ్చాయి. గట్టు మండలం దిక్కు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చి పరుపు మీద కూర్చున్నారు. నేను ఒక చేత్తో చీరలు విప్పుతూ, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని ఆ పేజీ తెరుచుకోవడం కోసం చూస్తున్నాను. అది తిరుగుతూనే ఉంది. కన్నడ సరిహద్దు మనిషి కావడంతో ఆ తల్లి ప్రతి చీరకూ "సాకు, సాకు, చాలమ్మా," అంటోంది. కూతురు చాలనడం లేదు. ఆరో చీర దగ్గర పేజీ తెరుచుకుంది.

పాస్. కావలసినదానికి ఆరు మార్కులు ఎక్కువ.

నేను ఏడో చీర విప్పాను. నాయిన మాత్రం అవతలి గద్దె మీద నుంచి నా ముఖం చూసి, "అయిందా?" అన్నాడు. తలూపాను. ఆయన తన ఎదురుగా ఉన్నవాళ్లను వదిలేసి, తల్లీ కూతుళ్ల వైపు తిరిగి, "మా బిడ్డ ఎమ్మే పాసైంది," అని ప్రకటించాడు.

ఆ తల్లి నన్ను ఎగాదిగా చూసి, "మస్తు సంతోషం. మరి గా సంతోషానికి జర తగ్గియ్యిండ్రి," అంది.

జూన్ మొదటి వారంలో మెమో పట్టుకుని వనపర్తి వెళ్లాను. జీతం మాట ఎట్లా తేవాలో దారంతా అనుకున్నాను. ఆమె ఒక అంకె చెబుతుంది, నేను మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూడాలి. ఇంకోటి చెబుతుంది. అప్పుడు నేను సంచి భుజానికి తగిలించుకోవాలి. మొత్తం సిద్ధం చేసుకున్నాను.

ప్రిన్సిపాల్ మేడం మెమో చూసింది. "కూసో. గిన్నేండ్ల సంది గా పేపరు చెప్పేటోళ్లు లేక పరేషాన్ అవుతున్న. సూడమ్మా, మధ్యయుగం నాలుగు క్లాసులల్ల ఖతం చెయ్యి. పిల్లలకు గదంత బోరు. పరీక్షల గూడ పెద్దగ రాదు."

"పద్దెనిమిది కావాలె మేడం," అన్నాను.

"ఏందీ?"

"పద్దెనిమిది క్లాసులు."

"పిచ్చా నీకు? ఐదు."

"పదహారు. తగ్గితే నాటకాలు సగంల ఆగిపోతయ్ మేడం."

"ఆగనీ. ఆరు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. కాలేజీ ఆవరణలో ఒక ట్రాక్టర్ ఇసుక దింపుతోంది. ట్రాలీ వెనక తలుపు తెరిచి ఉంది. మనిషి నడుమంత ఎత్తు, పైన చదునైన రేకు. దాని మీద ఎనిమిది మంది హాయిగా నిలబడొచ్చు.

మేడం ఫోన్ చేతిలోకి తీసుకుంది, ఇంకెవరికో చేయబోతున్నట్టు. పాత ఎత్తు. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను. ఆమె ఫోన్ కింద పెట్టింది.

పది క్లాసుల దగ్గర తెగింది. "పైన ఒక శనివారం మధ్యాహ్నం," అన్నాను.

"శనివారం ఏం జేస్తవ్?"

"నాటకం. గా ట్రాలీ ఇప్పిస్తే చాలు."

ఆమె ట్రాలీ వైపు చూసింది, నావైపు చూసింది. "నిన్ను ఆ చీర కొన్ననాడే అర్థం జేస్కోవాల్సుండె," అని, గుమాస్తాను పిలిచి నా టైమ్‌టేబుల్ రాయమంది.

బస్టాండుకు వచ్చి గద్వాల బస్సెక్కి కూర్చున్నాక నాయిన ఫోన్ చేశాడు.

"ఏమైంది?"

"ఇచ్చిన్రు నాయినా. సోమవారం నుంచి. నాలుగంటే పది చేయించిన, పైన శనివారం."

"పదేంది?"

"క్లాసులు."

"జీతమెంతన్నరు?"

బస్సు కదిలింది. ఎంత ఆలోచించినా ఆ గదిలో జీతం మాట ఎవరూ ఎత్తినట్టు గుర్తు రాలేదు.

"అడగలేదు నాయినా."

అవతల మీటరు కర్ర బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అడగలేదా?"

"మర్చిపోయిన."

"గీ మాట ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు," అన్నాడు నాయిన. "అమ్మకు గూడ చెప్పకు. జాగ్రత్తగ రా."